ఇంటిల్లిపాదీ కదిలిన నాటకం – మన హైదరాబాదు యాత్ర

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ కార్యక్రమాలలో హైదరాబాదు నాటక యాత్ర ఒకటి. దాని గురించి నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం అడిగింది. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి, ఏ బస్సు ఎక్కాం, ఏ హోటల్లో తిన్నాం అన్న వరుసతో సరిపెట్టడం నాకు చేతకాదు. ఈ యాత్రకు వెనుక రెండు చరిత్రలున్నాయి. ఒకటి మన బడిది. రెండోది తెలుగు నాటకానిది. ఆ రెండూ ఒకే ప్రశ్న దగ్గర కలుస్తాయి: ప్రయాణం కట్టినప్పుడు ఎవరిని వెంట తీసుకెళ్లాం, ఎవరిని ఇంటి దగ్గర వదిలేశాం?

ముందు బడి సంగతి. 1975 జనవరిలో మా పదో తరగతి వాళ్లం హైదరాబాదు విహారయాత్రకు వెళ్లాం. ఆవిరి ఇంజనుతో పరుగెత్తే గోల్కొండ ఎక్స్‌ప్రెస్, రెండు రోజులు ధర్మశాల బస, ఇంటి నుంచి కట్టుకెళ్లిన పులిహోర. అప్పటికి బిర్లా మందిరం పూర్తి కాలేదు. హుస్సేన్ సాగర్ మధ్య బుద్ధుడు లేడు. అయినా మాకు అది ఇంద్రలోకమే. తరగతిలో మేం ముప్పై ఎనిమిది మందిమి. అందులో పదకొండు మంది ఆడపిల్లలు. యాత్రకు వెళ్లినవాళ్లలో ఆడపిల్ల ఒక్కతీ లేదు. వెంట రావడానికి మహిళా ఉపాధ్యాయులు లేరని బడివాళ్లు, పరాయి ఊళ్లో రాత్రుళ్లు ఉండటం ఏమిటని ఇళ్లలోవాళ్లు అన్నారు. తిరిగొచ్చాక తెలుగు మాస్టారు యాత్ర మీద వ్యాసం రాయమంటే, ఆ పదకొండు మందీ చూడని ఊరి గురించి మేం చెప్పినవి విని రాశారు. మార్కులు మాత్రం మాకన్నా వాళ్లకే ఎక్కువ వచ్చాయి.

నిరుడు స్వర్ణోత్సవ యాత్ర కోసం మొదటి సమావేశం జరిగినప్పుడు అందరి చేతుల్లోనూ జాబితాలే. చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, ఫిల్మ్ సిటీ, బిర్యానీ. నాటకం అన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ వాదన ఎటూ తేలకముందే మా తరగతి అమ్మాయి ఒకామె, అమ్మాయి అంటే ఇప్పుడు అరవై అయిదేళ్ల అమ్మమ్మ, ఫోనులో ఒక మాట అంది: "ఏం చూస్తామో తర్వాత తేల్చుకుందురు గానీ, ఈసారి మమ్మల్ని తీసుకెళ్తారా లేదా, అది ముందు చెప్పండి." ఆ మాటతో జాబితాలు పక్కకు పోయాయి. ఎవరు రావాలో ముందు, ఏం చూడాలో తర్వాత అని తీర్మానించుకున్నాం. నాటకం చూడాలన్న నిర్ణయం కూడా దాని వెంటే వచ్చింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్ర అక్కడి నుంచే మొదలుపెడతారు. అంటే మన నాటకానికి తొలి నటులు బడిపిల్లలే. కానీ వాళ్లంతా మగపిల్లలు. ఆ తర్వాత చాలా కాలం ఆడవేషం మగవాళ్లే వేశారు. ఆ కళను శిఖరానికి చేర్చినవారు మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు. తెనాలి శ్రీరామవిలాస సభ నటుడిగా ఆయన కట్టిన సత్యభామ వేషం చూసి ఆడవాళ్లే ఆ నడకను, ఆ వాలుజడను మెచ్చుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన గొప్పతనంలో సందేహం లేదు. అయితే ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడం తప్పు అనుకున్న కాలం కూడా అదే. మా ఊళ్లో నాటకం ఆడితే పందిట్లో ముందు చాపలన్నీ మగవాళ్లవి. ఆడవాళ్లు అరుగుల మీదా, నిలిపి ఉంచిన బండ్ల మీదా కూర్చుని చూసేవారు.

ఈ కథకు పూర్తిగా వేరుగా నడిచింది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు, ఆయన కుటుంబం కీచకవధ నాటకం ఆడారు. వాళ్లు అంతకు ముందు తోలుబొమ్మలాట ఆడిన కుటుంబీకులు. మరాఠీ మూలాలున్నవాళ్లు. తోలుబొమ్మలాటలో బొమ్మ వెనుక ఆడవాళ్లు కూడా గొంతు కలిపేవారు. తెర తీసి మనుషులే ముందుకొచ్చినప్పుడు ఆడవాళ్లను వెనక్కి పంపలేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేసే పద్ధతిని తెలుగు రంగస్థలం మీద నిలబెట్టిన ఘనత ఈ కుటుంబానిదే. ఊరి పేరే సమాజం పేరయింది.

సురభి వాళ్లు ఊరూరా తిరిగారు. తిరిగిన తీరు చూడండి. తాత, తండ్రి, కోడలు, చంటిబిడ్డ, అందరూ బండెక్కాల్సిందే. తెరలు, కిరీటాలు, దీపాలు, వంటపాత్రలు అన్నీ వెంటే. పగలు పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు రాత్రికి ద్రౌపది. పాలు తాగే బిడ్డకూ వేషం ఉండేది. ముసలివాళ్లు తెర లాగేవారు, హార్మోనియం వాయించేవారు. ఇంట్లో పనికిరాని మనిషి లేడు, ఇంటి దగ్గర వదిలిన మనిషీ లేడు. కుటుంబం పెరిగినకొద్దీ శాఖలై, పదుల సంఖ్యలో సమాజాలయ్యాయి. 1932లో మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద తీసినప్పుడు లీలావతి పాత్రకు సురభి కమలాబాయి సిద్ధంగా ఉంది. సినిమా వెతుక్కుంటున్న నటిని నాటకం అప్పటికే తయారుచేసి పెట్టింది.

ఆ సినిమానే తర్వాత నాటకాన్ని మింగింది. దాని వెంట టీవీ వచ్చింది. డేరా వేసి నెలల తరబడి ఆడిన ఊళ్లలో వారం ఆడటం కూడా గగనమైంది. సమాజాలు ఒకటొకటిగా మూతపడి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. వాటిలో 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి పేరున్నది. దాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారు, అందరూ సురభి బాబ్జీ అని పిలిచే ఆయన, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వీళ్లతో భీష్మ, చండీప్రియ వంటి నాటకాలు చేయించారు. కొన్ని కుటుంబాలు హైదరాబాదు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడ్డాయి. ఒకప్పుడు నాటకం మన ఊరికి వచ్చేది. ఇప్పుడు మనమే నాటకం ఉన్న చోటికి వెళ్లాలి.

అందుకే మా ప్రణాళిక నాటకంతో మొదలైంది. గోల్కొండ వందల ఏళ్ల నుంచీ ఉంది, వచ్చే ఏడు కూడా ఉంటుంది. నాటకం అలా కాదు. ఎదురుగా జనం కూర్చున్న ఆ రెండు మూడు గంటలే దాని ఆయుష్షు. పైగా రోజూ ఉండదు. రవీంద్రభారతిలో సురభి వారి మాయాబజార్ ఏ శనివారం ఉందో కనుక్కుని, మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నాం. సంక్రాంతి దాటాలి, మినుము పీకుడు మొదలు కాకూడదు. మా వైపు వాళ్లకు తీరిక దొరికేది ఆ సందులోనే. జనవరి చివరి వారం అలా కుదిరింది. అప్పుడు ఎండ బాధా ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నానికి రైలు దిగడం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ సాయంత్రం బిర్లా మందిరం, ట్యాంక్ బండ్. శనివారం ఉదయం మ్యూజియం, చార్మినారు. భోజనం, రెండు గంటల నిద్ర, ఆపైన నాటకం. ఆదివారం గోల్కొండ, రాత్రి రైలుకు తిరుగు ప్రయాణం. గోల్కొండలో సాయంత్రం జరిగే శబ్దకాంతి ప్రదర్శన కూడా చూద్దామని కొందరు పట్టుబట్టారు. శనివారం రెండూ కుదరవు గనుక నాటకానికే ఓటు పడింది. అన్నీ చూడాలన్న ఆశే బృందయాత్రలను చెడగొడుతుంది. మనుషులు బస్సులో కునికిపాట్లు పడతారు, చూసింది గుర్తుండదు.

అసలు కష్టం కార్యక్రమం రాయడంలో లేదు, మనుషుల్ని కదిలించడంలో ఉంది. ఆ పదకొండు మందిలో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన తొమ్మిది మందికీ మా తరగతి ఆడవాళ్లే ఫోన్లు చేశారు. ఒకామె నవ్వుతూనే అంది: "అప్పుడు నాన్న వద్దన్నాడు, ఇప్పుడు మనవడి పరీక్షలంటున్నారు." మోకాళ్ల నొప్పులు ఒకరికి, మంచాన ఉన్న అత్తగారు ఇంకొకరికి. ఒకామెకు ఇబ్బంది డబ్బే, కానీ ఆ మాట చెప్పలేదు. అందుకని తలకింత అని వసూలు చేయలేదు. ఇవ్వగలిగింది కవరులో పెట్టి కోశాధికారికి ఇవ్వమన్నాం. ఎవరు ఎంత ఇచ్చారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. లెక్క సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా. చివరికి ఆరుగురు బయలుదేరారు. మొత్తం బృందం ముప్పై ఒక్క మంది. మా లెక్కల మాస్టారు, ఎనభై ఆరేళ్ల వయసులో, అందరికన్నా ముందే స్టేషనుకు వచ్చి కూర్చున్నారు.

మ్యూజియంలో పావు తక్కువ పన్నెండుకల్లా గడియారం ముందు బెంచీల మీద ఉన్నాం. కుక్ అండ్ కెల్వీ వారి ఆ గడియారంలో చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంటలు కొడతాడు. పన్నెండు గంటలప్పుడు పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టొచ్చని జనం అప్పుడే ఎక్కువగా చేరతారు. మూడో సాలార్‌జంగ్ 1949లో చనిపోయాక, ఆయన సేకరించినవాటితో 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా దగ్గర మా ఆడవాళ్లు చాలాసేపు నిలబడ్డారు. పాలరాతిలో అంత పలచని ముసుగు ఎలా వచ్చిందా అని ఒకరు, ఆ ముసుగు ఎప్పుడు తీస్తుందో అని ఒకరు.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. మెట్లెక్కలేనివాళ్లు కింద చప్పట్లు కొట్టేవాళ్లయ్యారు, ఎక్కగలిగినవాళ్లు పైన వినేవాళ్లయ్యారు. ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని ఈ కోట 1687లో లోపలివాళ్లు తలుపు తీయడం వల్ల ఔరంగజేబుకు చిక్కిందని అక్కడే పాఠం చెప్పాను. రిటైరయినా నోరు ఊరుకోదు కదా. మేం పుట్టిన నాటి నుంచి మన రాజధానిగా ఎరిగిన ఊరు 2014 తర్వాత పొరుగు రాష్ట్రానిది అయింది. కానీ ఆ మెట్ల మీద మాతో మాటలు కలిపిన నల్గొండ బడిపిల్లలకు మేం పొరుగువాళ్లలా తోచలేదు. వాళ్లలో సగం మంది ఆడపిల్లలు. నాకు ఆ లెక్కే ముందు కనిపించింది.

ఇక నాటకం. రవీంద్రభారతి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి గుర్తుగా కట్టినది, 1961లో ప్రారంభమైంది. ఆ వేదిక మీద మబ్బుల్లోంచి నారదుడు దిగాడు, బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చాయి, లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి. తీగలూ తాళ్లూ తెలిసిన పెద్దవాళ్లమే, అయినా నోరు తెరుచుకుని చూశాం. ముగిశాక అనుమతి అడిగి తెర వెనక్కి వెళ్లాం. ట్రంకుపెట్టె మీద దుప్పటి పరిచి చంటిపిల్లను పడుకోబెట్టారు. నగలు తీస్తున్న శశిరేఖే ఆ బిడ్డ తల్లి. మా తరగతి ఆమె ఒకరు ఆ పిల్లకేసి చూసి, "దీన్ని ఎవరూ ఇంటి దగ్గర వదిలి రాలేదు" అంది. ఆ మాటకు జవాబు చెప్పాల్సిన వయసు మాది, చెప్పగలిగినవాళ్లు మాలో లేరు.

మన తర్వాతి బ్యాచ్‌ల వారు ఇలాంటి యాత్ర తలపెడితే ఒక్కటే మనవి. ముందు పాత హాజరుపట్టీ తీయండి. పేర్లన్నీ వరుసగా చదవండి. అప్పట్లో రాలేకపోయినవాళ్లకు మొదటి ఫోను చేయండి. తర్వాత ఏ ఊళ్లో నాటకం ఆడుతున్నారో చూడండి. టిక్కెట్లు కొని వెళ్లండి, ఉచిత పాసుల కోసం తిరగకండి. ఆ డబ్బు చిన్నదే గానీ దాంతోనే కొన్ని కుటుంబాల పొయ్యి వెలుగుతుంది. కోటలు, మ్యూజియాలు దారిలో ఎలాగూ ఉంటాయి.

మా కవర్లలో మిగిలిన డబ్బు సంఘం ఖాతాలో వేశాం. మన బడిలో ఈ ఏడు పదో తరగతి ఆడపిల్లల విహారయాత్రకే దాన్ని వాడాలని తీర్మానం రాసుకున్నాం. వెంట వెళ్లడానికి మహిళా ఉపాధ్యాయులు దొరకని పక్షంలో తామొస్తామని మా తరగతి ఆరుగురూ సంతకాలు పెట్టారు.