పోనీలెండి, ప్రాణం దక్కింది కదా!

మా పశ్చిమ గోదావరి వైపు (2022 నుంచి ఏలూరు వేరే జిల్లా అయింది లెండి, పాత అలవాటు పోదు) మోటారు సైకిల్‌ని కారు గుద్దితే అంబులెన్సు కన్నా ముందు పెద్దమనుషులు వచ్చేస్తారు. "పోనీలెండి బాబూ, ప్రాణం దక్కింది కదా. ఎంతో కొంత ఇప్పిస్తాం, కేసులెందుకు?" అంటారు. పడ్డవాడు ఇంకా రోడ్డు మీదే వుంటాడు, ఇటు బేరం మొదలైపోతుంది. ఈ "పోనీలెండి" ఎంత ఖరీదైన మాటో తెలియాలంటే కొంచెం చరిత్ర తిరగెయ్యాలి.

ముందు రోడ్డు సంగతి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారి మద్రాసు - కలకత్తా ట్రంకు రోడ్డు, అదే మన పాత ఎన్‌హెచ్ 5. 2010లో నంబరు మార్చి 16 చేశారు. ఇప్పుడు అసలు హైవే గుండుగొలను దగ్గర దేవరపల్లి, కొవ్వూరు వైపు మళ్ళిపోతుంది. పుళ్ళ, ఉంగుటూరు మీదుగా గూడెం, తణుకు వెళ్ళే పాత దారి నంబరు 216ఎ. ఇక ఏలూరు నుంచి కొల్లేరు మధ్యగా కైకలూరు వెళ్ళే రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. అటూ ఇటూ నీళ్ళు, ఎదురుగా చేపల లారీలు, వాటి నుంచి కారిన నీళ్ళతో జారే తారు. ఈ దారుల్లో బండి నడిపేవాడికి తన జాగ్రత్త ఒక్కటే చాలదు. ఎదుటివాడి జాగ్రత్త కూడా కావాలి.

మన దేశంలో మోటారు వాహనాలకి మొదటి కేంద్ర చట్టం 1914లో వచ్చింది. అందులో లైసెన్సులు, రిజిస్ట్రేషన్లే ముఖ్యం. బ్రిటన్‌లో 1930లో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. ఆ దారిలోనే మన 1939 చట్టం వచ్చింది, అయితే ఇన్సూరెన్సు నిబంధన 1946 జులై 1న గానీ అమలు కాలేదు. అప్పటికీ దెబ్బ తిన్నవాడు సివిల్ కోర్టులో దావా వెయ్యాల్సిందే. 1956 సవరణతో క్లెయిముల ట్రిబ్యునళ్ళకి దారి పడింది.

అయినా "తప్పు కారు వాడిదే" అని రుజువు చేసే బరువు పడ్డవాడి మీదే వుండేది. సుప్రీం కోర్టు కూడా 1977లో, నిర్లక్ష్యం రుజువు కావాల్సిందే అంది. తప్పెవరిదని అడక్కుండా కొంత మొత్తం ఇవ్వాలన్నది 1982 సవరణ. ఎంతనుకున్నారు? చనిపోతే 15,000, శాశ్వత వైకల్యానికి 7,500. 2019 సవరణ తర్వాత అది చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అయింది.

డబ్బు సరే, అసలు బతకాలి కదా. ఒక స్కూటరిస్టుని వేగంగా వచ్చిన కారు గుద్దేసింది. దగ్గర్లో వున్న ఆస్పత్రికి మోసుకెళ్తే, "ఇది పోలీసు కేసు, మేం చూడం" అని 20 కిలోమీటర్ల దూరంలోని ఇంకో ఆస్పత్రికి పంపారు. దారిలోనే పోయాడు. ఆ వార్త పేపర్లో చూసి పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీం కోర్టుకెక్కారు. 1989 ఆగస్టులో తీర్పొచ్చింది: ముందు వైద్యం, తర్వాతే పోలీసులు. సర్కారీ అయినా ప్రైవేటు అయినా ఏ డాక్టరూ కాదనకూడదు. ఆ పేరు తెలియని స్కూటరిస్టుకి మనమంతా బాకీ.

నేను కూడా బాకీనే. కొన్నేళ్ళ కిందట ఉంగుటూరు దాటాక, పక్క రోడ్డు నుంచి కుడీ ఎడమా చూడకుండా హైవే ఎక్కిన ఒక కారు నన్ను పడేసింది. కాలి ఎముక విరిగింది, హెల్మెట్ పగిలింది, తల దక్కింది. దారిన పోయే ఒక రైతు 108కి ఫోన్ చేశాడు.

అన్నట్టు ఆ 108 కథ మన ఐటీ వాళ్ళు తెలుసుకోవాల్సిందే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో దాన్ని మొదలెట్టింది మన భీమవరం వైపు మనిషి, సత్యం రామలింగరాజు. 2009 జనవరి 7న లెక్కలన్నీ తప్పని ఆయన ఒప్పుకున్నాక ఎంతమంది ఇంజనీర్ల జీవితాలు తలకిందులయ్యాయో మీకు తెలుసు. కానీ 108 ఆగలేదు. ఆ ఏడాదే జీవీకే చేతికి వెళ్ళింది, తర్వాత కూడా నడిపేవాళ్ళు మారారు, నంబరు మారలేదు. ఆయన చేసిన తప్పునీ మర్చిపోనక్కర్లేదు, ఈ మంచినీ కాదనక్కర్లేదు.

ఇక సాయం చేసినవాడిని పోలీసులు, కోర్టులు వేధించకూడదని సుప్రీం కోర్టు 2016లో మార్గదర్శకాలకి ముద్ర వేసింది, 2019లో అది చట్టంలోకి ఎక్కింది. 2025 మే నుంచి మొదటి ఏడు రోజుల వైద్యానికి లక్షన్నర దాకా నగదు కట్టక్కర్లేని పథకం కూడా వుంది.

మన వాళ్ళు ఎక్కువగా పొరబడేది ఒకచోట. డాక్టరు "40 శాతం వైకల్యం" అని రాస్తే సంపాదన నష్టం కూడా 40 శాతమే అనుకుంటారు. కాదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీం కోర్టు చక్కగా విడమర్చింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే గుమాస్తాకి ఉద్యోగం పోకపోవచ్చు. అంటే కుర్చీలో కూర్చుని పని చేసే మనకంటే, చేపల చెరువు మీద కూలికెళ్ళేవాడి కాలు విరిగితే నష్టం ఎక్కువ. రోడ్డు పక్కన నాలుగు వేలు పుచ్చుకుని ఇంటికెళ్ళేది మాత్రం సాధారణంగా అతనే!

కాబట్టి మీకు గానీ మీ ఊళ్ళో ఎవరికైనా గానీ ఇలా జరిగితే: ముందు 108. కారు నంబరు ఫోటో. ఎఫ్ఐఆర్. ఆస్పత్రి బిల్లులన్నీ దాచడం. మీ జీతానికి ఫారం 16 చాలు, కూలీకైతే తోటివాళ్ళ సాక్ష్యం కావాలి. ట్రిబ్యునల్‌కి ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వెళ్ళాలని లేదు, మీరుండే చోట కూడా వెయ్యొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆర్నెల్ల గడువు వచ్చింది, అది దాటనివ్వకండి.

కారు వాడి మీద పగ తీర్చుకోమని నేననడం లేదు. చాలాసార్లు ఆ డబ్బు కట్టేది అతను కూడా కాదు, ఇన్సూరెన్సు కంపెనీ. 1946 నుంచీ ప్రీమియం కట్టించుకుంటున్నది ఇందుకే. దాన్ని అడగడం మొహమాటపడాల్సిన విషయమా? మీరే చెప్పండి.