ఎకరం నాలుగు డాలర్లనాటి హాల్టన్ కౌంటీ

ఓక్‌విల్‌లో ఉంటున్నామని చెప్పగానే ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు మొట్టమొదట అడిగేది, ఇల్లు ఎంతకు కొన్నారని. జవాబు విని మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడకుండా ఊరుకుంటారు. మన పిల్లల ప్రశ్న వేరు. "మీరు ఒక్క జీతంతో కొన్నారు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తూ కూడా మనం పుట్టి పెరిగిన ఊళ్ళో ఎందుకు కొనలేకపోతున్నాం?" అని వాళ్ళు అడుగుతున్నారు. మేము కష్టపడ్డాం, మీరు ఖర్చు పెడుతున్నారు అని కసిరితే ఈ ప్రశ్నకు జవాబు కాదు. ఈ నేలకు ధర ఎలా వచ్చిందో, చౌకగా ఉన్న రోజుల్లో ఇక్కడి బ్రతుకు ఎలా ఉండేదో తెలిస్తే కొంత అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

మనం రోజూ కారులో దాటే థర్డ్ లైన్, ఫోర్త్ లైన్, సిక్స్‌త్ లైన్ అనే పేర్లు నగరం పెట్టుకున్న పేర్లు కావు. అవి పొలం గట్లు. 1806లో శామ్యూల్ విల్‌మాట్ అనే సర్వేయరు ట్రఫాల్గర్ టౌన్‌షిప్‌ను కొలిచినప్పుడు గీసిన గీతలవి. ఈనాటి ట్రఫాల్గర్ రోడ్డు ఒకప్పటి సెవెన్త్ లైనే. మన కరణాల అడంగల్ లెక్కల్లో సర్వే నంబర్లు ఉన్నట్లే ఇక్కడివారికి కన్సెషను, లాటు నంబర్లు. ట్రఫాల్గర్, నెల్సన్, ఎస్క్వెసింగ్, నస్సగవేయ అనే నాలుగు టౌన్‌షిప్పులు కలిపి హాల్టన్ కౌంటీ. 1853లో వెంట్‌వర్త్‌తో కలిసి ఉన్న పాలన నుంచి విడివడి సొంత కౌంటీ అయింది. మిల్టన్ దానికి ముఖ్యపట్టణం. అంతకుముందు యేడే, 1852లో, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఒకచోట నీరు పారి పల్లెలు నిలదొక్కుకుంటుంటే మరొకచోట అడవి నరికి పల్లెలు కట్టుకుంటున్నారు.

ఇక ధర సంగతి. ఈ నేల మొదట మిస్సిస్సాగ జాతివారిది. 1806లో ప్రభుత్వం వారి దగ్గర సరస్సు ఒడ్డున సుమారు 85,000 ఎకరాలు తీసుకుని అందుకు 1,000 పౌన్ల విలువ చేసే సరుకులు ఇచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడి పౌనుకు నాలుగు డాలర్లు. అంటే ఎకరానికి ఐదు సెంట్లు కూడా పడలేదు. చేపలు పట్టుకునే యేటి ముఖాలను మాత్రం వారు తమకే ఉంచుకున్నారు. 1820లో అవి కూడా చేతులు మారాయి. ఆ పిమ్మట 1827లో విలియం చిషోమ్ అనే ఆయన సిక్స్‌టీన్ మైల్ క్రీక్ ముఖం దగ్గర 960 ఎకరాలు 1,029 పౌన్లకు కొన్నాడు. అదే మన ఓక్‌విల్.

పాఠకులు ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టుకుని చూడాలి. ఎనభై అయిదు వేల ఎకరాలకు ఇచ్చినదీ, వెయ్యి ఎకరాలకు తక్కువైన నేలకు పుచ్చుకున్నదీ దాదాపు ఒకే మొత్తం. మధ్యలో గడిచినవి ఇరవై ఒక్క సంవత్సరాలు. రియల్ ఎస్టేటు వ్యాపారం ఈ ఊళ్ళో నిన్న మొన్న పుట్టిందనుకునేవారు ఇది గమనించాలి. చిషోమ్ కొన్న ధర ఎకరానికి సుమారు నాలుగు డాలర్ల ముప్ఫై సెంట్లు. ఆ లెక్కన ఈనాటి అయిదు వేల చదరపు అడుగుల ఇంటి స్థలం యాభై సెంట్లకు వస్తుంది! మిస్సిస్సాగ వారు 1847లో క్రెడిట్ నది ఒడ్డును కూడా వదిలి హేగర్స్‌విల్ దగ్గరకు తరలిపోయారు. ఇంటి ధరల గురించి మనం వాపోయేటప్పుడు వారి సంగతి కూడా తలచుకోవడం న్యాయం.

నేల చౌక. మరి బ్రతుకు చౌకా? అలా అనుకుంటే పొరపాటే. నూరు, రెండు వందల ఎకరాల అడవి చేతికి వచ్చినా తినడానికి గింజ ఉండదు. చెట్టు నరకాలి, మొద్దు కాల్చాలి, ఆ బూడిదతో పొటాష్ వండి అమ్మితే నాలుగు కాసులు కళ్ళబడతాయి. తెల్ల ఓక్ చెట్లను పీపాల చెక్కలుగా కోసి ఓడల్లో క్విబెక్‌కు పంపేవారు. ఊరికి పేరు ఆ చెట్టు నుంచే వచ్చింది. నగదు అరుదు. అంగట్లో పద్దు వ్రాయించుకుని ఉప్పు, టీ, మేకులు తెచ్చుకుంటే పంట వచ్చాక గోధుమలతో తీర్చాలి. మన పల్లెల్లో షావుకారు పద్దుకూ దీనికీ తేడా ఏముంది? కొట్టాం లేపాలంటే చుట్టుప్రక్కల నలభై మంది వచ్చేవారు. వారికి భోజనం పెట్టాలి, రేపు వారి పనికి మనం పోవాలి. దానికి కూలి లెక్క లేదు. "ఇవాళ మీ పొలంలో మేము, రేపు మా పొలంలో మీరు" అని మన తాతలు నాట్లు వేసుకున్నట్లే. కమ్మరికీ వడ్రంగికీ కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చిన ఇళ్ళ నుంచి వచ్చినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

అయితే ఒక పెద్ద భేదం ఉంది, దానిని దాచకూడదు. ఇక్కడ పాటుపడినవాడికి సాధారణంగా భూమి దక్కింది. మన వైపు దున్నినవాళ్ళలో ఎందరికో సెంటు భూమి కూడా దక్కలేదు.

1854 నుంచి మూడు నాలుగు సంవత్సరాలు కౌంటీకి మహర్దశ పట్టింది. క్రిమియా యుద్ధం వల్ల రష్యా గోధుమ ఇంగ్లండుకు అందలేదు. అమెరికాతో సుంకాలు తగ్గించుకునే ఒప్పందం కూడా అప్పుడే కుదిరింది. అరవై పౌన్ల బరువు తూగే బుషెల్ గోధుమ ధర రెండు డాలర్ల దాకా పోయింది. ఉత్తరాది ఊళ్ళ నుంచి బండ్లు బారులు తీరి ఓక్‌విల్ రేవుకు వచ్చేవి. వాటి కోసం చిషోమ్ కుటుంబం వారు తదితరులు సెవెన్త్ లైన్ మీద చెక్కబల్లలు పరచి, అక్కడక్కడా గేట్లు పెట్టి సుంకం వసూలు చేశారు. 407 రోడ్డు బిల్లు వచ్చినప్పుడు తిట్టుకునే మనవాళ్ళకు ఇది తెలిస్తే కొంత ఊరట! దుంగల ఇళ్ళ స్థానంలో ఇటుక ఇళ్ళు లేచాయి. 1855 డిసెంబరులో హామిల్టన్ - టొరాంటో రైలు వచ్చింది. ఆ రైలే రేవును దెబ్బ తీసింది. సరుకు ఓడ ఎక్కడం మాని రైలు ఎక్కింది. ఓక్‌విల్ పట్టణంగా ఏర్పడినది 1857లో, మాంద్యం వచ్చి పడినదీ ఆ యేడే. ధర ఉండగా అప్పు చేసి పొలం పెంచుకున్నవారు చితికిపోయారు. ఇల్లూ పొలమూ ధర పెరిగేటప్పుడు అప్పు తేలికగా కనిపించడం, ధర పడ్డాక అదే అప్పు గుండెల మీద కూర్చోవడం ఈ నేలకు అలవాటే.

అదే రేవుకు అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన నల్లజాతి కుటుంబాలు కూడా దిగాయి. కెప్టెన్ రాబర్ట్ విల్సన్ వంటి నావికులు వారిని ఓడల్లో తెచ్చారు. వారికి జీవన ప్రమాణం అంటే గోధుమ ధర కాదు.

గోధుమ తరువాత పండ్లు. టొరాంటో దగ్గర ఉండడమూ, సరస్సు వల్ల మంచు ఆలస్యంగా పడడమూ కలిసివచ్చి ఓక్‌విల్ స్ట్రాబెర్రీలకు పేరు పొందింది. పండ్ల కోసం బుట్టలు అల్లే కర్మాగారమే వెలసింది. ఏరేది ఆడవారు, పిల్లలు. బ్రాంటే వైపు ఆపిలు తోటలు చాలాకాలం ఉన్నాయి. ఈ రోజు తోటకు పోయి డబ్బు ఇచ్చి మనమే పండ్లు ఏరుకోవడం వేడుకగా ఉంది గానీ, ఆనాటి పిల్లలకు అది వేసవి కూలి.

జీవితం బాగుందా లేదా అన్నది ఆదాయంతో తేలదని చెప్పడానికి ప్రక్క కౌంటీ కథ ఒకటి ఉంది. హామిల్టన్‌లో ఎడిలైడ్ హుడ్‌లెస్ అనే గృహిణి 1889లో పసిబిడ్డను పోగొట్టుకుంది. చెడిపోయిన పాలే కారణమని ఆమె నమ్మింది. కలిగిన ఇల్లే, కానీ పాలు ఎలా కాపాడాలో చెప్పేవారు లేరు. రైతులు పశువుల మేపుకు సంఘాలు పెట్టుకున్నారు, తల్లులకు ఏ సంఘమూ లేదేమని ఆమె అడిగింది. 1897లో స్టోనీ క్రీక్‌లో మొదటి విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఆ సంఘాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. మా అభిప్రాయంలో పల్లె బ్రతుకును మార్చినవాటిలో రైలు కంటే ఇది తక్కువది కాదు. పచ్చి పాలు పొంగేదాకా కాచి తోడు వేసే మన అమ్మమ్మలకు ఆ ఒక్క విషయంలో మాత్రం పాఠం అక్కర లేకపోయింది.

జబ్బు చేస్తే ఏమిటి? ఓక్‌విల్‌లో ఆసుపత్రి తెరిచినది 1950లో. అంతకుముందు పెద్ద జబ్బు అయితే హామిల్టన్‌కో టొరాంటోకో పోవలసిందే. ఆసుపత్రి ఖర్చుకు ప్రభుత్వ భీమా ఒంటారియోలో 1959లో వచ్చింది. డాక్టరు ఫీజుకు 1969 అక్టోబరులో వచ్చింది. అంతదాకా ఒక్క శస్త్రచికిత్స ఒక పొలాన్ని తాకట్టు పెట్టించగలిగేది. "ఆ రోజుల్లో అన్నీ చౌక" అనేవారు ఈ పద్దు వేయడం మరిచిపోతారు.

టొరాంటో - హామిల్టన్ కాంక్రీటు రోడ్డు 1917లో పూర్తయింది. క్వీన్ ఎలిజబెత్ హైవే 1939లో వచ్చింది. 1953లో ఫోర్డు కంపెనీ పొలాల మధ్య కారు ఫ్యాక్టరీ తెరిచింది. రైతు కొడుకులు పాలు పితకడం మాని షిఫ్టులకు పోయారు. 1962లో ట్రఫాల్గర్ టౌన్‌షిప్ ఓక్‌విల్‌లో కలిసిపోయింది. 1974లో హాల్టన్ కౌంటీ అనేదే పోయి రీజియన్ వచ్చింది. మనం "హాల్టన్" అంటున్నప్పుడు పలుకుతున్నది ఒక పాత పల్లెసీమ పేరు.

మనవాళ్ళు ఈ కథలో ప్రవేశించినది సరిగ్గా ఆ చివరి ఘట్టంలో. 1967 అక్టోబరులో కెనడా పాయింట్ల పద్ధతి పెట్టి చదువును బట్టి రానివ్వడం మొదలుపెట్టింది. అదే సంవత్సరం మే 23న గో రైలు నడవసాగింది. రైలు దిగితే టొరాంటోలో ఉద్యోగం, ఎక్కితే చెట్ల నీడన ఇల్లు. ఇంజనీర్లు, డాక్టర్లు, ఉపాధ్యాయులు నెమ్మదిగా ఇటు వచ్చారు. కందిపప్పుకూ మిరపపొడికీ జెరార్డ్ వీధి దాకా పోవాలి. 1972లో నాజ్ థియేటర్ పెట్టాకనే అక్కడ మన అంగళ్ళు పుట్టాయి. నెలకు ఒకసారి నాలుగు కుటుంబాలు ఒకే కారులో పోయి బస్తాలు తెచ్చుకుని పంచుకునేవి. చేతిసాయం పద్ధతే, కొట్టాం బదులు పప్పు. పెరట్లో గోంగూర వేస్తే మొదటి మంచుకు ముందే కోసి పచ్చడి పెట్టేయాలి.

ఆ రోజులు తేలికైనవని పిల్లలు అనుకోవద్దు. ధరలు పెరిగి పెరిగి 1975లో ప్రభుత్వం జీతాలకూ ధరలకూ కళ్ళెం వేయవలసి వచ్చింది. 1981లో ఇంటి అప్పు మీద వడ్డీ 20 శాతం దాటింది. అరవై వేల అప్పుకు నెలకు వెయ్యి డాలర్లు వడ్డీకే సరి. తాళాలు బ్యాంకుకు అప్పగించినవారు ఉన్నారు. కానీ న్యాయంగా చెప్పాలంటే మాకు ఒక అదృష్టం ఉంది, అది వీరికి లేదు. ఆనాడు వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ. వడ్డీ తగ్గే రోజు వచ్చింది. ఈనాడు అసలే కొండంత. సగటు ధర పది లక్షలు దాటిన ఊళ్ళో అయిదో వంతు ముందు కట్టాలంటే రెండు లక్షలు. ఏ పొదుపు పాఠం ఈ లెక్కను మార్చగలదు?

మరొక మాట కూడా ఒప్పుకోవాలి. మన ఇళ్ళు కట్టినది ఆ గోధుమ నేల మీదనే. 2001లో 31,471 మంది ఉన్న మిల్టన్ 2021 నాటికి 1,32,979కి పెరిగింది. 2021లో ఓక్‌విల్ జనాభా 2,13,759. వారిలో మనమూ ఉన్నాం. 2005లో గ్రీన్‌బెల్ట్ చట్టం వచ్చి ఉత్తరాన చాలా నేలను కాపాడింది. పొలాలు మిగలాలనీ, పిల్లలకు ఇల్లు దొరకాలనీ ఒకే నోటితో కోరుకుంటున్నాం. మన సమావేశాల్లో ఈ విషయం వచ్చినప్పుడు ఒకే కుటుంబంలో తండ్రీ కూతురూ చెరొక ప్రక్కన వాదించడం చూశాం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

మన యువకులు కొందరు ఇప్పుడు బ్రాంట్, వెల్లింగ్టన్ కౌంటీల వైపు పోతున్నారు. బావి నీళ్ళు మంచివా, మంచు పడితే రోడ్డు ఎవరు తీస్తారు, ఆసుపత్రి ఎంత దూరం అని అడుగుతున్నారు. రెండు వందల యేళ్ళ క్రితం ట్రఫాల్గర్‌కు వచ్చినవారు అడిగిన ప్రశ్నలే.

తీరిక ఉన్నవారు పిల్లలను బ్రాంటే క్రీక్ పార్కులో స్ప్రూస్ లేన్ ఫార్మ్ అనే 1899 నాటి రైతు ఇంటికి తీసుకుపోండి. పొయ్యి, వెన్న చిలికే పీపా, కొట్టాం చూపించండి. తిరిగి వచ్చేటప్పుడు డండాస్ వీధి మీదుగా రండి. ఉత్తరపు ప్రక్కన ఇంకా మిగిలిన పొలాల్లో ఇళ్ళు కట్టబోతున్నామని బోర్డులు పాతి ఉన్నాయి. ఆ బోర్డు వెనుక మొక్కజొన్న వేసి ఉంటుంది.