పాత టైర్ల పరీక్ష

వాహనం టైరు తిరిగితే అరుగుతుంది. తిరగకుండా పడి ఉన్నా రబ్బరు పెళుసెక్కుతుంది. అరుగుదల కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. వయసు తరచు లెక్కకు రాదు.

మహబూబాబాద్ జిల్లా మరిపెడ చుట్టుపక్కల ట్రాక్టర్ ట్రాలీలు ఇందుకు ఉదాహరణ. పత్తి, మిరప, వడ్లు ఇంటికి, మార్కెట్‌కు చేరే రోజుల్లో అవి నిండు బరువుతో తిరుగుతాయి. మిగతా కాలం ఎండలోనే నిలబడి ఉంటాయి. ఏళ్లు గడిచినా గ్రిప్ లోతు పెద్దగా తగ్గదు. ఈలోగా ఆక్సిజన్, ఓజోన్, అతినీలలోహిత కిరణాలు రబ్బరు సాగే గుణాన్ని తినేస్తాయి. తయారీలో కలిపిన రక్షక మైనం టైరు తిరుగుతూ వంగినప్పుడే బాగా పైకి చేరుతుంది. నిలిచిన టైరుకు ఆ కాపు అంతగా దక్కదు. పక్కగోడల మీద, గ్రిప్ గాళ్ల అడుగున సన్నని నెర్రెలు కనిపిస్తే రబ్బరు పాతబడిందని అర్థం.

వయసు తెలిపే గుర్తు పక్కగోడ మీదే ఉంటుంది. తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో. కొన్ని టైర్లకు ఇది ఒక పక్కనే ఉంటుంది కాబట్టి లోపలివైపూ చూడాలి. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. ఇక వేరే పరీక్షే అక్కర్లేదు.

ఎన్నేళ్లు వాడవచ్చన్న దానిపై తయారీదారులది ఒకే మాట కాదు. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లంటాయి. మిషెలిన్ ఐదేళ్ల తర్వాత ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయమని చెబుతుంది. ఎండలు మండే తెలంగాణలో ఆరేళ్ల లెక్కే నయం. వేడి ఎంత చేటో చెప్పే ఉదాహరణ ఉంది: 2000 ఆగస్టులో అమెరికాలో టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఆ టైర్ల గ్రిప్ పొర ఊడిపోయిన ఘటనలు అక్కడ వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ.

అరుగుదలకు చట్టం హద్దు పెట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది గ్రిప్ లోతు రెండు, మూడు చక్రాల వాహనాలకు 0.8 మిల్లీమీటర్లు, మిగతావాటికి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదంటుంది. గాళ్లలో అడ్డంగా ఉండే చిన్న గట్లతో గ్రిప్ సమమైతే టైరు పని అయిపోయినట్టే.

పక్కగోడ ఉబ్బితే లోపలి దారాలు తెగాయన్నమాట. అతుకుతో అది బాగుపడదు. బరువెక్కువై, గాలి తక్కువైతే టైరు లోలోపల కాగిపోతుంది. మిర్చి లోడుతో మరిపెడ మీదుగా ఖమ్మం మార్కెట్‌కు వెళ్లే బండ్లకు వేసవి మొదట్లో ఇదే గండం.

రీబటన్ చేసిన టైరు మన్నిక పాత కట్టును బట్టి ఉంటుంది; పైన ఎక్కించిన కొత్త రబ్బరు లోపలి ముసలితనాన్ని మార్చలేదు. లారీ నుంచి తీసేసిన టైరు ఎడ్లబండికి పనికిరావచ్చు, ఆ వేగంలో పెద్దగా వేడి పుట్టదు. దాన్నే ట్రాక్టర్ ట్రాలీకి బిగించి జాతీయ రహదారి ఎక్కితే మాత్రం బరువూ వేగమూ రెండూ మారిపోతాయి.