అండమాన్: కడలి తీరం, కారాగారపు గోడ

ద్వీపయాత్ర అనగానే మనవారికి మాల్దీవులు, బాలి గుర్తుకు వస్తాయి. విశాఖ, చెన్నై, కలకత్తా రేవుల నుండి ప్రభుత్వ నౌకలో సుమారు మూడు దినాలలో చేరగల అండమాన్ మాత్రం చాలామందికి స్ఫురించదు. వీసా అక్కరలేదు, పైతరగతి గది కోరకుంటే ఉపాధ్యాయుని పింఛనుకు కూడ అందే యాత్ర ఇది.

అయితే మిత్రులారా, ఆ ఇసుకపై కాలు మోపేముందు సెల్యులర్ జైలు చూడవలెనని నా మనవి. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. 1896–1906 నడుమ కట్టిన ఈ జైలుకు ఏడు రెక్కలు, 690కి పైగా ఒంటరి కొట్లు. ఒక రెక్క ముంగిలికి మరొక రెక్క వీపు ఎదురయ్యేలా కట్టారు. తోటి ఖైదీ ముఖమైనా కానరాకూడదన్నదే ఎత్తుగడ. ఎద్దులకు బదులు మనుష్యులను గానుగకు కట్టి కొబ్బరినూనె తీయించారు. 1933 నిరాహారదీక్షలో ముగ్గురు అసువులు బాశారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన మన ప్రతివాది భయంకర వెంకటాచారిగారిని కూడ ఈ ద్వీపానికే పంపారు.

నేడు మిగిలినవి మూడు రెక్కలే. కొన్ని జపానువారి కాలంలో పోగా, మరికొన్నింటిని స్వాతంత్ర్యం వచ్చాక మనమే కూల్చుకున్నాము. మాజీ రాజకీయ ఖైదీలు అడ్డుపడినందువల్ల మిగిలినవి దక్కి, 1979లో జాతీయ స్మారకమయ్యాయి.

ఎదుటనున్న రాస్ ద్వీపం ఒకనాడు దొరల రాజధాని. 1941 భూకంపం, 1942లో జపాను ఆక్రమణ దానిని పాడుపెట్టగా, చర్చి గోడలను చెట్లవేళ్ళు పెనవేసుకున్నాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో పతాకమెత్తారు. అది మనకు పాఠాలలో ఉన్నదే. నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, గూఢచారులన్న నెపంతో 44 మంది భారతీయులను జపాను సైనికులు హంఫ్రీగంజ్‌లో కాల్చిచంపారు. ఇది మన పాఠాలలో నేనెన్నడూ చూడలేదు. బోధించినవాడిని కనుక ఈ మాట బాధతోనే వ్రాస్తున్నాను.

2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైంది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. కొత్త పేర్లతోపాటు ఆ 44 మందిని కూడ మన పిల్లలకు చెప్పాలి. హంఫ్రీగంజ్ స్మారకం వద్ద కాసేపు నిలిచి, ఆపైన రాధానగర్ తీరానికి వెళ్ళండి. తెల్లని ఇసుక, నీలాల నీరు. పిల్లలను తప్పక వెంట తీసుకుపొండి.