అద్దె ఒప్పందము - నోటీసు గడువు (ఖమ్మం, భద్రాచలం ప్రాంతము)

అద్దె ఒప్పందము అనగా ఒక ఇంటిని లేదా గదిని కొంతకాలము ప్రతిఫలమునకు అనుభవించుటకు యజమానికి, అద్దెదారునకు కుదిరే ఒడంబడిక. దానిని ముగించదలచినవారు రెండవవారికి ముందుగా ఇవ్వవలసిన వ్యవధియే నోటీసు గడువు. చర్ల, దుమ్ముగూడెం వంటి అటవీ మండలాల నుండి చదువు కొరకు వచ్చే విద్యార్థి భద్రాచలంలో గది తీసుకొన్నా, ఖమ్మంలో తీసుకొన్నా ఒకే నియమాలు వర్తిస్తాయని అనుకోరాదు.

పదకొండు నెలల పత్రము

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చును తప్పించుకొనుటకే 11 నెలల పత్రము వాడుకలోకి వచ్చినది. గడువు తీరిన తరువాత కూడా యజమాని అద్దె పుచ్చుకొంటూ ఉంటే, ఆస్తి బదిలీ చట్టము (1882) 116వ సెక్షను వలన అది నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. పత్రము ముగిసినది కనుక రేపే ఖాళీ చేయమనడం అప్పుడు చెల్లదు.

18 ఏళ్ళు నిండనివారు చేసుకొన్న ఒప్పందము చట్టరీత్యా చెల్లదు. కావున ఇంటర్మీడియట్ విద్యార్థుల గదిని తల్లిదండ్రులు తమ పేరనే తీసుకోవాలి.

నోటీసు

వేరే ఒప్పందము గాని, స్థానిక చట్టము గాని, ఆచారము గాని లేనప్పుడు నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలునని 106వ సెక్షను చెబుతున్నది. ఇది ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. పూర్వం ఈ వ్యవధి అద్దె నెల చివరి దినముతో ముగియవలసి ఉండేది; 2002 సవరణ తరువాత నోటీసు అందిన తేదీ నుండి లెక్కిస్తున్నారు. నోటీసు వ్రాతపూర్వకంగా, సంతకముతో ఉండాలి. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: పత్రములో ఒక నెల అని వ్రాసి ఉంటే 15 రోజుల లెక్క పనికిరాదు. మార్చి నెలాఖరుకు గది వదలదలచినవారు ఫిబ్రవరిలోనే ఉత్తరమిచ్చి, నకలుపై యజమాని సంతకము తీసుకోవాలి. లేనిచో అడ్వాన్సులో కోత పడుతుంది.

ఖమ్మం 2012లో నగరపాలక సంస్థ అయినది. పట్టణాలకు వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద, అద్దె ఎగవేత వంటి కారణాలను రెంట్ కంట్రోలర్ ఎదుట రుజువు చేయనిదే ఖాళీ చేయించరాదు. అయితే 2005 సవరణ నగరపాలక సంస్థలలో నెలకు రూ. 3,500 మించిన అద్దెలను ఈ రక్షణ నుండి తప్పించినది.

భద్రాచలం ప్రత్యేకత

1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, ఆపై ఖమ్మం జిల్లాలోను ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి 1వ నిబంధన, దాని 1970 సవరణ ప్రకారం ఇక్కడి స్థిరాస్తిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. బదిలీ అనగా అమ్మకమే అని చాలామంది తలుస్తారు గాని, లీజు కూడా ఆ నిర్వచనములో చేరి ఉన్నది. కనుక గిరిజనేతర విద్యార్థి ఇక్కడ లీజు పత్రమును నమ్ముకొని పెద్ద మొత్తము అడ్వాన్సుగా ఇవ్వడం క్షేమము కాదు.

హాస్టలు గదులు

హాస్టలులో మంచము తీసుకొనుట సాధారణంగా లీజు కాదు, అనుమతి మాత్రమే. ఈ భేదమును సుప్రీంకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో వివరించినది. దీనికి 15 రోజుల నియమము లేదు. సామాను తీసుకొని వెళ్ళుటకు సమంజసమైన వ్యవధి ఇస్తే చాలును. అందుచేత హాస్టలు నియమావళిని చేరకముందే చదువుకోవాలి.

బలవంతపు ఖాళీ

కోర్టు ఉత్తర్వు లేకుండా తాళము వేసి అద్దెదారును వెళ్ళగొడితే, నిర్దిష్ట ఉపశమన చట్టము (1963) 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోగా దావా వేయవచ్చును. షెడ్యూల్డు తెగలు, షెడ్యూల్డు కులాల వారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.