గోడ పట్టుకున్న బోల్టు

చెక్కలో మేకు సులువుగా దిగుతుంది. రాయి, ఇటుక అలా ఒదగవు, పగులుతాయి. అందుకే గోడకు ఏదైనా బిగించేవాళ్లు బోల్టుకన్నా ముందు బెజ్జం సంగతి చూసుకోవాల్సి వచ్చింది. ఏథెన్స్‌లో పార్థెనాన్ కట్టినవాళ్లు రాళ్లను కలిపే ఇనుప పట్టీల చుట్టూ కరిగించిన సీసం పోశారు. దాంతో సందూ పూడింది, తుప్పూ తగ్గింది. మామూలు ఇళ్లలో మాత్రం చాలాకాలం మొరటు పద్ధతే నడిచింది. ఉలితో గుంట తొలిచి, చెక్కముక్క దిగ్గొట్టి, దాంట్లో స్క్రూ బిగించేవారు. చెక్క ఎండితే బిగింపు వదులయ్యేది.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఈ మొరటు పని కుదరలేదు. 1910 ప్రాంతంలో అక్కడ కరెంటు సామాను బిగించే పని జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరుకు వచ్చింది. షరతల్లా గోడలు చెడకూడదని. ఆయన జనపనారను జంతురక్తంతో అతికించి సన్నని గొట్టం చేశాడు (మ్యూజియంవాళ్లకు ఈ రక్తం సంగతి చెప్పాడో లేదో!). చిన్న బెజ్జంలో దాన్ని పెట్టి స్క్రూ తిప్పితే, నార విచ్చుకుని గోడను నలువైపులా ఒత్తేది. 1919కల్లా ఆయన కంపెనీ పేరే రాల్‌ప్లగ్ అయింది.

ఇప్పుడు మన ఎలక్ట్రీషియన్ల సంచుల్లో ఉండే రాల్‌ప్లగ్గు ప్లాస్టిక్‌ది. 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు తెచ్చాడు. దాని ఒళ్లు చీలి ఉంటుంది, బెజ్జంలో గిర్రున తిరగకుండా రెండు నాలుకలు అడ్డుపడతాయి. కెమెరా ఫ్లాష్‌తో మొదలుపెట్టి వెయ్యికి పైగా పేటెంట్లు తీసుకున్న మనిషాయన.

బరువు మోయాలంటే ఇనుప యాంకర్ బోల్టే కావాలి. నట్టు బిగించేకొద్దీ బోల్టు చివరి శంకువు పైకి వచ్చి తొడుగును విప్పుతుంది, తొడుగు కాంక్రీటును ఒత్తుతుంది. అంచుకు మరీ దగ్గరగా వేస్తే ఆ ఒత్తిడికే అంచు విరుగుతుంది. అలాంటి చోట కెమికల్ యాంకర్ వాడతారు. బెజ్జంలో రెసిన్ నింపి కడ్డీ దించితే, అది గట్టిపడి ఒత్తిడి లేకుండానే పట్టుకుంటుంది. ముందు దుమ్ము ఊదకపోతే రెసిన్ దుమ్మునే అంటుకుంటుంది, కాంక్రీటును కాదు.

పైకప్పు నుంచి వేలాడే బరువుకు ఈ జిగురును నమ్మడానికి నాకైతే మనసొప్పదు. 2006 జులైలో బోస్టన్ సొరంగంలో పైకప్పు పలకలు కారు మీద పడి ఒకామె చనిపోయింది. త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ జిగురు, ఎడతెగని బరువుకు మెల్లగా సాగి బోల్టులను వదిలేసిందని దర్యాప్తులో తేలింది. కాసేపు లాగి చూసే పరీక్షకు ఈ సాగుడు దొరకదు. 2011 నాటి అమెరికన్ కాంక్రీట్ కోడ్, అడ్డంగానో పైకో బిగించి నిరంతరం బరువు మోసే ఇలాంటి యాంకర్లను సర్టిఫికెట్ ఉన్న పనివాళ్లే వేయాలని నిబంధన పెట్టింది.