పిడికిట్లో పట్టే ప్రశ్న

ఉద్యోగకాలమంతా తూనికలు, కొలతల తనిఖీలో గడిపిన నాకు పదవీ విరమణ తర్వాత చరిత్ర పుస్తకాలు చదవడం వ్యాపకమైంది. అలా తెలుసుకున్న ఒక విషయాన్ని ఈ ప్రత్యేక సంచిక ద్వారా మీ ముందుంచుతున్నాను.

స్కాట్లాండులో, ముఖ్యంగా దాని ఈశాన్య భాగమైన అబర్డీన్‌షైర్‌లో, సుమారు 5,000 సంవత్సరాల నాటి చెక్కుడు రాతి గుండ్లు 400కు పైగా దొరికాయి. లోహమంటే ఎరుగని నవీన శిలాయుగపు మనుషులు రాతితోనే రాతిని పొడిచి, అరగదీసి వీటిని తయారుచేశారు. గుండు చుట్టూ ఉబ్బెత్తు బొడిపెలుంటాయి. ఎక్కువ వాటికి ఆరు, కొన్నింటికి మూడే. 160 దాకా ఉన్నదీ ఉంది. 1860 ప్రాంతంలో టోవీ వద్ద దొరికిన గుండు వీటన్నిటిలో మణిపూస. దాని నాలుగు బొడిపెలలో మూడింటిపై సుడులు తిరిగే నగిషీ ఉంది. ఇప్పుడది ఎడింబరోలోని జాతీయ మ్యూజియంలో ఉంది.

ఇవి ఎందుకు చేసినట్లు? విసిరే ఆయుధాలని కొందరన్నారు. బండరాళ్లను దొర్లించడానికి కింద వేసిన గుండ్లని కొందరు, సభలో ఇది చేతపట్టిన వారికే మాట్లాడే హక్కని మరికొందరు ఊహించారు. తూకపు రాళ్లన్న వాదం కూడా ఉంది. వృత్తిరీత్యా నేను ముందుగా చూసింది దాన్నే. తూకపు రాయి అయితే ఒకదాని బరువుకూ మరొకదాని బరువుకూ సమానమో, సగమో, రెట్టింపో ఏదో ఒక లెక్క కుదరాలి. వీటిలో అది కుదరలేదు. కుదిరినది సైజు! కొన్ని పెద్దవి తప్ప దాదాపు అన్నీ సుమారు 7 సెంటీమీటర్ల వ్యాసం కలవే. అంటే వాటిని చేసినవారు పాటించిన కొలత తక్కెడది కాదు, అరచేతిది. కనుక ఇవి పదిమందిలో చేతపట్టి చూపే గౌరవచిహ్నాలై ఉంటాయని నా అభిప్రాయం.

ఈ చిక్కుముడి వీడకపోవడానికి ముఖ్య కారణం వేరే ఉంది. వీటిలో ఎక్కువభాగం నాగటి చాలులోనో, మట్టి పనుల్లోనో విడివిడిగా బయటపడ్డాయి. ఏ లోతులో, ఏ వస్తువుల పక్కన ఉన్నాయో రాసిపెట్టినవారు లేరు. ఆర్క్నీ దీవుల్లోని నెస్ ఆఫ్ బ్రాడ్గర్ త్రవ్వకాల్లో 2013లో ఒక గుండు దాని అసలు చోటులోనే దొరికితే పండితులు అంతగా సంబరపడింది అందుకే.

వస్తువు చెప్పగలిగిన దానిలో సగం అది ఉన్న చోటే చెబుతుంది. మన పొలాల్లో, నూతుల్లో పాతకాలపు వస్తువేదైనా కనబడితే కదిలించకుండా అధికారులకు తెలియజేయమని మన పిల్లలకు చెబుదాం.